ఎర్ర దెయ్యాలు, ఒక కోడి

2011 డిసెంబరు 31, శనివారం. మనకు సాయంత్రం ఆరుంబావు. బేకరీల ముందు షామియానాలు వేసి కేకు డబ్బాలు పేర్చేశారు. వాకిళ్లలో రంగుల ముగ్గులకు చుక్కలు పడుతున్నాయి. కుర్రాళ్లు రాత్రి తిరుగుళ్ల కోసం బైకులకు పెట్రోలు పట్టిస్తున్నారు. ఆ వేళకు ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం పన్నెండూ ముప్పావు. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో దాదాపు 75 వేల మంది ఒక పెద్దాయన పుట్టినరోజుకు వచ్చి కూర్చున్నారు.

ఆ పెద్దాయన అలెక్స్ ఫెర్గూసన్. ఎర్ర దెయ్యాలని పేరున్న మాంచెస్టర్ యునైటెడ్ జట్టుకు అప్పటికి 25 ఏళ్లుగా ఆయనే మేనేజరు. ఆ రోజుతో 70 నిండాయి. కానుకగా ఏమివ్వాలో కూడా ముందే తేలిపోయింది: మూడు పాయింట్లు. ఎందుకంటే ఎదురుగా నిలబడ్డది బ్లాక్‌బర్న్ రోవర్స్, ప్రీమియర్ లీగ్ పట్టికలో 20 జట్లకు 20వది. యునైటెడ్ అంతకుముందు ఆడిన రెండు ఆటల్లోనూ ఐదేసి గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా ఇవ్వకుండా వచ్చింది. గెలిస్తే, ఊళ్లోనే ఉన్న శత్రువు మాంచెస్టర్ సిటీ కంటే మూడు పాయింట్లు పైకి వెళుతుంది. అభిమానుల దృష్టిలో అది ఆటే కాదు, పేరంటానికి వెళ్లి తాంబూలం పుచ్చుకుని రావడం.

అయితే పేరంటం మొదలవకముందే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. రక్షణ వరుసలో ఉండాల్సినవాళ్లు గాయాలతో మంచాన ఉన్నారు. మధ్యలో ఆడే మైకేల్ క్యారిక్‌ను వెనక్కి లాగారు. ఎప్పుడూ పక్క నుంచి పరుగెత్తే రఫాయెల్‌ను మధ్యలో నిలబెట్టారు. వేన్ రూనీ క్రిస్మస్ మర్నాటి రాత్రి షికారు మేనేజరుకు నచ్చలేదు కాబట్టి అతణ్ని ఆడించలేదు. అయినా ఎదురుగా ఉన్నది బ్లాక్‌బర్నే కదా అని అందరి ధీమా.

పదహారో నిమిషంలో డిమిటార్ బెర్బటోవ్ సొంత గోలు దగ్గర బ్లాక్‌బర్న్ కెప్టెన్ క్రిస్ సాంబాను పట్టి లాగాడు. పెనాల్టీ. నైజీరియా ఆటగాడు యాకుబు కొట్టాడు, గోలు. రెండో సగం మొదలైన కాసేపటికి అదే యాకుబు మరొకటి. పాపం చేసిన బెర్బటోవే ప్రాయశ్చిత్తమూ చేసుకున్నాడు, పది నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టి 2-2 చేశాడు. ఇంక యునైటెడ్‌దే ఆట అని 75 వేల మందీ అనుకున్నారు, ఆ జట్టు చివరి పది నిమిషాల్లో ఎన్నిసార్లు అలా గెలిచిందో లెక్కలేదు. 80వ నిమిషంలో కార్నర్ పడింది. కానీ అది యునైటెడ్‌కు కాదు, బ్లాక్‌బర్న్‌కు. యువ గోల్‌కీపర్ డేవిడ్ డెహియా గాల్లోకి లేచాడు గానీ బంతి అందలేదు. గ్రాంట్ హాన్లీ అనే 20 ఏళ్ల స్కాట్లండ్ కుర్రాడు తలతో నెట్టేశాడు. 3-2. అట్టడుగు జట్టు గెలిచింది. కేకు కోయకుండానే కొవ్వొత్తులు ఆరిపోయాయి.

ఇలాంటి ఫలితాన్ని పత్రికలు సంచలనం అంటాయి. సంచలనం ఎక్కడ పుడుతుందో ఆ మైదానంలో ఒక్కసారి కూర్చున్నవాడికి తెలుస్తుంది. గోలు పడ్డప్పుడు నలుమూలల్లో మూడు మూలలు ఒక్కసారిగా మూగబోతాయి. ఒక్క మూల నుంచి మాత్రం, పక్క ఊరి నుంచి వచ్చిన కొన్ని వేల మంది గొంతులు లేస్తాయి. మిగతా అంతటి నిశ్శబ్దమే ఆ గొంతులకు మైకు.

మరి ఆ మూలన ఉన్నవాళ్లు నిజంగా సంతోషించారా? ఇక్కడే కథ మన వైపు తిరుగుతుంది.

బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను అంతకు ఏడాది ముందు, 2010 నవంబరులో, పుణెకు చెందిన వెంకీస్ సంస్థ కొన్నది. వెంకీస్ అంటే వెంకటేశ్వర హేచరీస్. దాన్ని 1971లో స్థాపించింది తెలుగువారైన బండా వాసుదేవరావు. దేశంలో కోళ్ల పరిశ్రమకు పితామహుడని పేరు. ఆయన పోయాక కుమార్తె అనురాధా దేశాయ్, కుమారులు వెంకటేశ్, బాలాజీ నడుపుతున్నారు. ఏడుకొండలవాడి పేరున్న కోళ్ల సంస్థ లాంకషైర్‌లోని ఒక మిల్లు ఊరి ఫుట్‌బాల్ జట్టుకు యజమాని అయింది. ప్రీమియర్ లీగ్‌లో ఒక క్లబ్బును భారతీయులు కొనడం అదే మొదలు. ఇక్కడి పత్రికలు మురిసిపోయాయి. అక్కడి అభిమానులు నాలుగు వారాలే మురిశారు.

ఎందుకంటే డిసెంబరు 13న కొత్త యజమానులు మేనేజరు శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అప్పటికి జట్టు పదమూడో స్థానంలో ఉంది. పెద్ద ఘనకార్యమేం కాదు, అలాగని పీకల మీదకి వచ్చిందీ లేదు. ఆయన స్థానంలో శిక్షకుల్లో ఒకడైన స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. అంతకుముందు ఎక్కడా మేనేజరుగా చెయ్యనివాడు. దానికితోడు ఒక టీవీ ప్రకటన: బ్లాక్‌బర్న్ ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కూర్చుని, ఆటకు ముందు వెంకీస్ చికెన్ ముక్కలు లాగిస్తుంటారు. ఆ ప్రకటనను ఇంగ్లండ్ అంతా చూసి నవ్వింది. నవ్వని ఊరు ఒక్కటే.

నవ్వకపోవడానికి ఆ ఊరికి కారణం ఉంది. 1888లో ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో బ్లాక్‌బర్న్ రోవర్స్ ఒకటి. అంతకంటే ముందే, 1883లో, అదే ఊరికి చెందిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో ఓల్డ్ ఇటోనియన్స్‌ను ఓడించింది. ఓల్డ్ ఇటోనియన్స్ అంటే ఈటన్ అనే దొరబిడ్డల బడిలో చదువుకున్న పెద్దమనుషులు. ఒలింపిక్‌లో ఉన్నవాళ్లు నేతగాళ్లు, నూలు వడికేవాళ్లు, ఇనుప కార్ఖానా పనివాళ్లు, ఒక ప్లంబరు. దొరలు అలవాటుగా గెలిచే కప్పును కూలీలు రైల్లో వేసుకుని ఉత్తరానికి పట్టుకుపోయారు. ఇంగ్లండ్ ఆటలో మొదటి పెద్ద సంచలనం అదే అంటే పెద్దగా ఎవరూ కాదనరు. మరుసటి ఏడాది రోవర్స్ ఫైనల్‌కు వెళ్తే, వెంట వచ్చిన బ్లాక్‌బర్న్ అభిమానుల బట్టల్నీ యాసనీ తిట్లనీ లండన్ పత్రిక ఒకటి ఏదో అడవి తెగ ఊరి మీద పడ్డట్టు వర్ణించింది. కప్పు మాత్రం మళ్లీ బ్లాక్‌బర్న్‌కే వెళ్లింది, ఆ తర్వాత రెండేళ్లూ కూడా.

ఆ మిల్లులకూ మనకూ మరో పాత లెక్క ఉంది. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీజీ, బ్లాక్‌బర్న్‌కు ఆనుకునే ఉన్న డార్వెన్‌కు వెళ్లారు. మన విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ కూడా తగిలి పనులు పోయిన ఊళ్లవి. తిడతారేమో అనుకున్నారంతా. మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ మూగి జేజేలు కొట్టారు. ఆ ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. గాంధీగారికి జేజేలు కొట్టిన ఆ ప్రాంతంలోనే, 80 ఏళ్లు తిరిగేసరికి, ఒక భారతీయ కుటుంబం ఊరి మైదానానికి రావాలంటే జంకే పరిస్థితి వచ్చింది.

కాబట్టి ఆ డిసెంబరు 31న ఓల్డ్ ట్రాఫర్డ్ మూలన నిలబడ్డ బ్లాక్‌బర్న్ అభిమాని మనసులో ఏముందో ఊహించడం కష్టం కాదు. వారాల తరబడి అతను ‘కీన్ దిగిపో’ అని అరుస్తున్నాడు. ఆటలకు ముందు ఊరేగింపులు తీస్తున్నాడు. పదకొండు రోజుల కిందట సొంత మైదానంలో బోల్టన్ చేతిలో ఓడినప్పుడైతే ఆ అరుపులకు ఆటే వినబడలేదు. జట్టు ఓడితే మేనేజరు పోతాడు, కానీ కింది డివిజన్‌కు పడిపోతారు. గెలిస్తే మేనేజరు ఉంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హాన్లీ తల తగిలి బంతి గోల్లోకి వెళ్లిన ఆ అర క్షణంలో మాత్రం కప్పా లేదు, పామూ లేదు. గొంతు తనంతట తనే అరిచేసింది. మేనేజరు సంగతి ఇంటికి వెళ్లే బస్సులో గుర్తొచ్చి ఉంటుంది. రెండు రోజుల తర్వాత సొంత మైదానంలో స్టోక్ చేతిలో 2-1తో ఓడాక ఆ గొంతు మళ్లీ పాత పాటే అందుకుంది.

అదే శనివారం లండన్‌లో చెల్సీ ఆస్టన్ విల్లా చేతిలో సొంత గడ్డ మీద 3-1తో ఓడింది. విల్లా అభిమానుల సంకటం కూడా ఇంచుమించు ఇదే. ఆ వేసవిలో వాళ్ల క్లబ్బు అలెక్స్ మెక్‌లీష్‌ను మేనేజరుగా తెచ్చింది. అతను అంతకుముందు పని చేసింది బర్మింగ్‌హామ్ సిటీలో, అంటే అదే ఊళ్లోని బద్ధశత్రువు దగ్గర. వియ్యంకుడి ఇంట్లో వంటవాణ్ని తెచ్చుకున్నా ఊరుకుంటారు గానీ ఇది మాత్రం ఎవరూ సహించరు. మైదానం బయట నిరసనలు చేశారు. అలాంటివాడు చెల్సీని వాళ్ల ఇంట్లోనే కొట్టుకొచ్చాడు. చప్పట్లు కొట్టక తప్పలేదు. మే నెలలో అతణ్ని సాగనంపినప్పుడు కూడా కొట్టారు, అది వేరే చప్పట్లు.

ఇక్కడ రేడియో గురించి రెండు ముక్కలు చెప్పకపోతే రేడియో ప్రసంగానికి అన్యాయం.

ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే ఆటల్ని అక్కడి టీవీల్లో చూపించరు. జనం ఇంట్లో కూర్చుని పెద్ద జట్ల ఆట చూస్తే, చిన్న ఊళ్ల మైదానాలకు వెళ్లేవాడుండడని 1960ల నుంచి ఉన్న ఏర్పాటు. చలికాలంలో అక్కడి మూడు గంటలంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. మనకా కట్టడి లేదు. కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో కంచంలో పెరుగన్నం కలుపుకుంటూ ఒక కుర్రాడు చూసే ఆటను, ఆ మైదానానికి రెండు వీధుల అవతల ఉండే ముసలాయన చూడలేడు. ఆయనకున్నది రేడియో.

ఆ రేడియోకి పెద్ద చరిత్రే ఉంది. 1927 జనవరి 22న బీబీసీ మొదటిసారి ఒక లీగ్ ఆటకు వ్యాఖ్యానం వినిపించింది. ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ 1-1తో సరిసమానం. వినేవాళ్లకు బంతి ఎక్కడుందో తెలియడానికి మైదానాన్ని గళ్లుగా గీసి, అంకెలు వేసి ఆ వారపు రేడియో పత్రికలో అచ్చేశారు. ఒకాయన ఆట చెబుతుంటే పక్కన ఇంకొకాయన గడి అంకె చెప్పేవాడు, అష్టాచెమ్మాలో గవ్వలు లెక్కపెట్టినట్టు. 1948 నుంచి శనివారం సాయంత్రం స్పోర్ట్స్ రిపోర్ట్ అనే కార్యక్రమం వస్తోంది. అందులో అన్ని డివిజన్ల ఫలితాలూ వరసగా చదువుతారు. దాదాపు 40 ఏళ్లు వాటిని చదివినవాడు జేమ్స్ అలెగ్జాండర్ గోర్డన్. ఆయన గొంతులో ఒక గారడీ ఉండేది. మొదటి జట్టు పేరూ దాని గోల్సూ చెప్పాక, రెండో జట్టు పేరు పలికే తీరులోనే ఫలితం తెలిసిపోయేది. గొంతు కొంచెం పైకి లేస్తే బయటి జట్టు గెలిచింది. దిగితే ఓడింది. అదే మెట్టు మీద నిలబడితే డ్రా. అంకె వినకముందే వంటింట్లో ఎవరో అరిచేవారు, ఎవరో గిన్నె విసిరేవారు. సంగీతం నేర్చిన మన ఇళ్లలో రాగం ఎత్తుకోగానే పేరు చెప్పేస్తారే, అలాంటిదే.

2022లో బీబీసీ వాళ్లు ఈ ఫలితాల చదువు ఎందుకు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా అన్నట్టుగా దాన్ని తీసేశారు. అభిమానులు ఊరుకోలేదు. కొన్ని వారాలకే తిరిగి పెట్టాల్సి వచ్చింది. సమాచారం కోసమైతే ఫోను చాలు. జనం అడిగింది సమాచారం కాదు.

ఫలితాలయ్యాక 606 అనే మరో కార్యక్రమం. సాయంత్రం ఆరు దాటి ఆరు నిమిషాలకు మొదలయ్యేది కాబట్టి ఆ పేరు, 1991లో పుట్టింది. ఆట చూసి కారులో ఇంటికి పోతూ అభిమానులు ఫోను చేస్తారు. గెలిచినవాళ్లు తక్కువ, ఓడినవాళ్లు ఎక్కువ. గెలిచినవాడికి రేడియోతో పనేముంది, వాడు పబ్బులో ఉంటాడు. ఓడినవాడికి మాత్రం ఇంటికెళ్లేలోపు ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. మేనేజరును తిట్టాలి, రిఫరీని తిట్టాలి, చివరికి తనను తాను తిట్టుకోవాలి: ఎందుకొచ్చానురా ఈ చలిలో ఇంత డబ్బు తగలేసి, అని. వచ్చే వారం మళ్లీ అదే సీట్లో కూర్చుంటాడు.

ఇప్పుడు ఆదివారం. 2012 జనవరి 1.

శనివారం రాత్రి మాంచెస్టర్ సిటీ అభిమానుల కంటే ఆనందంగా కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టినవాళ్లు ఆ దేశంలో ఉండరు. తాము ఆడలేదు, చెమట పట్టలేదు, అయినా పక్కింటివాడు బోర్లాపడ్డాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నది ఎవరో గాని, ఫుట్‌బాల్ అభిమానికి పొరుగింటి మాడిన కూర ఇంకా రుచి. మర్నాడు తాము గెలిస్తే చాలు, మూడు పాయింట్ల ఆధిక్యం. ఆడాల్సింది సండర్‌లాండ్‌తో.

సండర్‌లాండ్ ఈశాన్య తీరంలో ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు, బొగ్గు తవ్విన ఊరు. ఓడల పని 1988తో ఆగిపోయింది. మూతపడ్డ మాంక్‌వేర్‌మౌత్ బొగ్గుగని ఉన్న చోటనే 1997లో మైదానం కట్టి, దానికి వెలుగు మైదానం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. బయట ఒక పెద్ద గనిదీపం బొమ్మ నిలబెట్టారు. సింగరేణి ఊళ్ల శ్రోతలకు ఆ దీపం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆట మొత్తం సిటీదే. బంతి వాళ్ల దగ్గరే ఉంది, గోలు మాత్రం పడదు. సున్నా-సున్నా. అదనపు సమయం కూడా అయిపోవస్తోంది. 93వ నిమిషంలో సండర్‌లాండ్ తరఫున ఆలస్యంగా దిగిన దక్షిణ కొరియా కుర్రాడు జి డాంగ్‌వోన్‌కు బంతి అందింది. గోల్‌కీపర్ జో హార్ట్‌ను తప్పించుకుని ఖాళీ గోల్లోకి తోసేశాడు. రీప్లేలో చూస్తే అతను రవ్వంత ఆఫ్‌సైడ్‌లో ఉన్నట్టే ఉంది. అప్పటికి వీడియో రిఫరీలు లేరు, జెండా లేవలేదు, గోలు గోలే.

అప్పుడు జరిగింది ఆ వారాంతానికే బొమ్మగా మిగిలిపోయింది. గోలు కొట్టి గంతులేస్తున్న జి దగ్గరకు ఒక మగ అభిమాని పరుగెత్తుకొచ్చి, రెండు చేతులతో అతని మొహం పట్టుకుని, మూతి మీద ముద్దు పెట్టేశాడు. ఆ ఫొటో మర్నాడు ప్రపంచమంతా తిరిగింది. ఆ కుర్రాడి మొహంలో గోలు కొట్టిన ఆనందం ఎంతో, ఇదేమిట్రా అన్న కంగారు అంత. ఇంగ్లండ్ ఉత్తరాది మగవాళ్లు, తండ్రి పోయినా గట్టిగా ఏడవరని పేరున్నవాళ్లు, ఏడాదికి కొన్ని క్షణాలు ఇలా ఒళ్లు మరిచిపోతారు. ఆ క్షణాలు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టే ఏడాది పొడుగునా టికెట్ కొంటారు.

రెండు రోజుల తర్వాత లెక్క చూస్తే, మాంచెస్టర్ జట్లు రెండూ ఎక్కడున్నవి అక్కడే. ఇద్దరికీ 45 పాయింట్లు, గోల్స్ తేడాతో సిటీ పైన. అంటే పట్టిక ప్రకారం ఏమీ జరగలేదు. రెండు సంచలనాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. కాకపోతే అభిమాని పట్టిక ప్రకారం బతకడు. శనివారం సిటీవాడు నవ్వాడు, ఆదివారం యునైటెడ్‌వాడు నవ్వాడు, ఆ తర్వాత ఆఫీసులో ఇద్దరూ ఎదురుపడి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ మౌనం మే 13 దాకా సాగింది. చివరి రోజుకు కూడా రెండు జట్లకూ సమాన పాయింట్లు. యునైటెడ్ ఆడాల్సింది ఎక్కడో కాదు, సండర్‌లాండ్‌లోనే. రూనీ తలతో కొట్టిన గోలుతో 1-0 గెలిచి, మాంచెస్టర్ నుంచి కబురు కోసం మైదానం మధ్యలోనే నిలబడ్డారు. అక్కడ సిటీ 90 నిమిషాలు దాటేసరికి క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 2-1తో ఓడుతోంది. అదనపు సమయంలో ఎడిన్ జెకో ఒకటి కొట్టాడు. 93 నిమిషాల 20 సెకన్ల దగ్గర సెర్హియో అగ్వేరో ఇంకొకటి. 44 ఏళ్ల తర్వాత సిటీ చాంపియన్.

కబురు సండర్‌లాండ్‌కు చేరింది. యునైటెడ్ ఆటగాళ్లు తలలు దించుకున్నారు. చుట్టూ ఉన్న సండర్‌లాండ్ అభిమానులు ఏం చేశారో వినండి. మైదానానికి వీపులు తిప్పి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, గంతులేశారు. దాన్ని పోజ్నాన్ అంటారు. పోలండ్‌లోని ఆ ఊరి జట్టు 2010లో మాంచెస్టర్ వచ్చినప్పుడు దాని అభిమానులు చేస్తుంటే చూసి సిటీవాళ్లు నేర్చుకున్న ఆట అది. అంటే సండర్‌లాండ్‌వాళ్లు, తమ జట్టు ఓడిపోయి, పట్టికలో పదమూడో స్థానంలో మిగిలి, చేతికి చిల్లిగవ్వ రాని రోజున, ఎవరిదో పండగను ఎవరి నుంచో అరువు తెచ్చుకుని తమ ఇంట్లో చేసుకున్నారు. ఫెర్గూసన్ తన కుర్రాళ్లతో ఈ దృశ్యం మరిచిపోవద్దని చెప్పాడట. మరుసటి ఏడాది యునైటెడ్ కప్పు గెలిచింది, ఆయన రిటైరయ్యాడు.

అప్పటినుంచి మాంచెస్టర్‌లో ఒక వాదన ఆగలేదు. ఆ బ్లాక్‌బర్న్ ఆట డ్రా అయినా మేమే చాంపియన్లం కదా, ఒక్క పాయింటు చాలు కదా అంటాడు యునైటెడ్‌వాడు. మరి మేం సండర్‌లాండ్‌లో ఓడకపోతే నీకు ఆ చివరి రోజు గుబులే ఉండేది కాదు అంటాడు సిటీవాడు. ఈ వాదనలో ఇంకా గమ్మత్తైన లెక్క ఒకటుంది. ఇద్దరికీ 89 పాయింట్లే. సిటీ 93 గోల్స్ కొట్టి 29 ఇచ్చింది. యునైటెడ్ 89 కొట్టి 33 ఇచ్చింది. ఆ సీజన్ అక్టోబరులో ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే సిటీ 6-1తో గెలిచింది. ఆ ఒక్క ఆట 6-1 కాక 1-0తో ముగిసి ఉంటే? కాగితం మీద వేసి చూడొచ్చు. సిటీ 88 కొట్టి 28 ఇచ్చినట్టు. యునైటెడ్ కూడా 88 కొట్టి 28 ఇచ్చినట్టు. అచ్చంగా ఒకటే! అప్పటి నిబంధన ప్రకారం కప్పు తేల్చడానికి ఇద్దరూ మూడో ఊళ్లో ఇంకో ఆట ఆడాల్సి వచ్చేది. ఆ అక్టోబరు ఆదివారం ఆట చేజారాక కూడా ముందుకే ఉరికి, ఆఖరి నిమిషాల్లో మూడు గోల్స్ సమర్పించుకున్న యునైటెడ్ ఆటగాళ్ల మీద ఫెర్గూసన్‌కు ఎంత మండి ఉంటుందో ఈ అంకెలు చెబుతాయి.

మరి ఇంత గందరగోళానికి అగ్గిపుల్ల గీసిన బ్లాక్‌బర్న్?

మే 7వ తేదీ, వాన. సొంత మైదానం ఈవుడ్ పార్కులో విగన్‌తో ఆట, ఓడితే కింది డివిజన్‌కు. ఆట మధ్యలో గ్యాలరీలోంచి ఎవరో ఒక కోడిని మైదానంలోకి వదిలారు. దాని ఒంటికి బ్లాక్‌బర్న్ రంగుల జెండా చుట్టి ఉంది. యజమానులది కోళ్ల వ్యాపారం కదా, వాళ్లకు కబురు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, యజమానుల మీద కోపం పాపం ఆ కోడి మీద పడింది. తడిసిన గడ్డి మీద అది అటూ ఇటూ ఉరుకుతుంటే పట్టుకోవడానికి కోట్లాది రూపాయల జీతగాళ్లు, పచ్చ కోట్ల కాపలావాళ్లు అవస్థ పడ్డారు. మన సంక్రాంతి బరుల్లో అయితే రెండు నిమిషాల్లో పట్టేవారు. ఆట ముగియడానికి మూడు నిమిషాల ముందు విగన్ ఆటగాడు అల్కరాజ్ గోలు కొట్టాడు. 1-0. బ్లాక్‌బర్న్ 31 పాయింట్లతో 19వ స్థానంలో మిగిలి, 11 ఏళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. ఆ 31లో మూడు ఓల్డ్ ట్రాఫర్డ్ నుంచి తెచ్చినవే.

ఆ ఊరి పెద్దవాళ్లకు అప్పుడు 1995 గుర్తొచ్చి ఉంటుంది. ఊరి ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ సొంత డబ్బు పోసి, అలన్ షియరర్‌ను తెచ్చి, జట్టును చాంపియన్ చేసిన ఏడాది. ఆ చివరి రోజున బ్లాక్‌బర్న్ లివర్‌పూల్‌లో 2-1తో ఓడిపోయింది. అయినా యునైటెడ్ తన ఆట గెలవలేకపోవడంతో కప్పు బ్లాక్‌బర్న్‌దే అయింది. తమ జట్టు గెలిచినందుకు ఎంత సంతోషించారో, యునైటెడ్‌కు కప్పు దక్కనందుకు అంతకన్నా ఎక్కువగా లివర్‌పూల్ జనం చప్పట్లు కొట్టారు.

వెంకీస్ యజమానులు మాత్రం కదల్లేదు. స్టీవ్ కీన్ 2012 సెప్టెంబరు చివర్లో రాజీనామా చేశాడు. కొన్ని వారాలు ఎరిక్ బ్లాక్ చూసుకున్నాడు. తర్వాత, 1995లో కప్పు గెలిచిన జట్టులో ఆడిన హెన్నింగ్ బర్గ్ వచ్చాడు; 57 రోజులు. తర్వాత మైకేల్ ఆపిల్టన్. అతని చేతిలో, 2013 ఫిబ్రవరి 16న, రెండో డివిజన్‌లో ఉన్న బ్లాక్‌బర్న్ లండన్ వెళ్లి ఎఫ్.ఎ. కప్‌లో ఆర్సెనల్‌ను వాళ్ల మైదానంలోనే 1-0తో ఓడించింది. గోలు కొట్టింది కొలిన్ కజీమ్ రిచర్డ్స్. మళ్లీ ఆ మూలన కొన్ని వేల గొంతులు, చుట్టూ మౌనం. నెల రోజులు కాస్త దాటాయో లేదో ఆపిల్టన్‌నూ తీసేశారు. అతను ఆ కుర్చీలో కూర్చున్నది 67 రోజులు. ఆ సీజన్‌లో ఐదోవాడిగా గ్యారీ బౌయర్ వచ్చి, ఆ కుర్చీ ముందు నిలబడ్డాడు.